వార్డులో కీబోర్డు

ఆసుపత్రి వార్డులో నర్సింగ్ స్టేషన్ దగ్గరున్న కంప్యూటర్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? మీటల సందుల్లో దుమ్ము, ఎంటర్ మీద జిడ్డు, మౌస్ అడుగున నల్లగా పేరుకున్న మడ్డి. డ్యూటీ డాక్టరు, సిస్టర్లు, ల్యాబ్ అబ్బాయి, బిల్లింగ్ వాళ్లు... షిఫ్టు మారినా అందరి చేతులూ దాని మీదే. నేలను రోజూ ఫినాయిల్‌తో తుడుస్తారు, దీని జోలికి మాత్రం ఎవరూ పోరు.

స్టాఫిలోకాకస్ ఆరియస్ లాంటి బ్యాక్టీరియా పొడిగా ఉన్న వస్తువుల మీద కూడా రోజులు, ఒక్కోసారి నెలల తరబడి బతుకుతుంది. చేతులు శుభ్రంగా కడుక్కుని, కీబోర్డు ముట్టుకుని, అదే చేత్తో పేషెంటు క్యాన్యులా పట్టుకుంటే కడిగిందంతా వృథా. పేషెంటును ముట్టుకున్న గ్లవ్స్‌తోనే వచ్చి టైప్ చేయడం మరీ ఘోరం.

కీబోర్డును శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్‌తో మీటలు తడిసేలా తుడిచి, దానంతట అది ఆరనివ్వాలి. స్ప్రే నేరుగా కొట్టొద్దు, లోపలికి దిగి పాడవుతుంది. సిలికాన్ కవరు వేస్తే తుడవడం ఇంకా తేలిక.

అసలు చిక్కల్లా ఎవరు తుడవాలన్నదే. హౌస్‌కీపింగ్ వాళ్లకు కంప్యూటర్ ముట్టుకోవాలంటే భయం, ఐటీ వాళ్లేమో మా పని కాదంటారు. సూపరింటెండెంట్లకు నా విన్నపం ఒక్కటే: ఆ పని ఎవరిదో డ్యూటీ చార్టులో పేరుతో సహా రాయించండి.