పులికాట్ బురదలో పాత అడవి

శ్రీకాళహస్తి గుడి కథలన్నీ అడవి కథలే. సాలీడు, పాము, ఏనుగు, వేటాడుతూ వచ్చిన కన్నప్ప. ఇవి వింటూ పెరిగిన నాకు ఒక ప్రశ్న ఉండిపోయింది: ఈ చుట్టుపక్కల నిజంగా ఏ చెట్లు ఉండేవి?

పుప్పొడి మీద పరిశోధన చేసే అక్క ఊరికి వచ్చినప్పుడు స్వర్ణముఖి ఒడ్డుకు తీసుకెళ్లాను. "ఇక్కడ తవ్వితే తెలుస్తుందా?" అన్నాను.

"ఇసుకలో గాలి ఆడుతుంది రా. తడిసి ఆరి, ఆరి తడిసి పుప్పొడి పాడైపోతుంది. గాలి చొరని తడి బురద కావాల. పులికాట్ సరస్సుకు పోదాం పద" అంది.

నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేటకు బయల్దేరాం. దారి పొడవునా వరిమళ్లు, గట్ల మీద సర్కారు తుమ్మ. తీరం దగ్గర పడేకొద్దీ సరుగుడు తోటలు. ఈ రెండూ బయటి నుంచి వచ్చిన చెట్లేనట. సర్కారు తుమ్మ మన దేశానికి వచ్చింది పంతొమ్మిదో శతాబ్దంలో. బురదలో దాని పుప్పొడి కనిపించిందంటే ఆ పొర ఈ మధ్యదేనని గుర్తు.

శ్రీహరికోట రోడ్డుకు రెండు వైపులా నీళ్లు. దూరంగా రాజహంసల గుంపు. అటవీశాఖ అనుమతి కాగితం చూపించాక, అక్క మోకాలి లోతు బురదలో దిగి పైపొరను డబ్బాల్లోకి తీసింది. నేను డబ్బాల మీద చోటు, తేదీ రాశాను. వలలు సర్దుకుంటున్న ఒకాయన ఆగి అడిగాడు: "ఈ బురదలో ఏముందమ్మా?"

"పువ్వుల పొడి ఉంది అన్నా. ఇప్పుడు చుట్టూ ఉన్న చెట్లవి పైన, వేల ఏళ్ల కిందటివి అడుగున."

ఆ అడుగు పొరలను ఇప్పటికే చదివినవాళ్లున్నారు. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన అంజుమ్ ఫరూఖీ, జి.జి. వాజ్‌తో కలిసి 2000లో పులికాట్ మీద పరిశోధన పత్రం ప్రచురించారు. పాత పొరల్లో మడ చెట్ల పుప్పొడి దొరికింది. సుమారు ఆరు వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికంటే పడమరగా చొచ్చుకొచ్చి ఉండేది. ఆ అంచున మడ అడవి పెరిగింది. నేను నిలబడ్డ చోట నుంచి ఎటు చూసినా ఉప్పుపొన్న లాంటి మడ చెట్టు ఒక్కటీ కనిపించలేదు. ఒక అడవి మొత్తం పోయినా దాని సాక్ష్యం మిగిలిందన్న సంగతి నన్ను కదిలించింది.

తర్వాత ప్రయోగశాలలో అసలు పని చూశాను. ఇసుకను కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కూడా పుప్పొడి గోడను ఏమీ చేయలేదు. మిగిలిన దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కో పొరలో వందల రేణువులను జాతులవారీగా లెక్కపెడతారు. మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉన్న రేణువును చూసి చెట్టు జాతిని చెబుతుంటే తదేకంగా చూస్తుండిపోయాను.

స్వీడన్ శాస్త్రవేత్త లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ 1916లోనే ఇలాంటి లెక్కలను శాతాల పటాలుగా చూపించాడు. కానీ రేణువుల శాతమే అడవి శాతం కాదు. గాలికి పుప్పొడి వదిలే గడ్డి కుప్పలు తెప్పలుగా రాలుస్తుంది. తేనెటీగల మీద ఆధారపడే మన ఎర్రచందనం పుప్పొడి నీళ్లదాకా చేరడమే అరుదు. లెక్కలో లేనంత మాత్రాన కొండ మీద లేదని చెప్పకూడదు. ఏ మొక్క ఎంత పుప్పొడి రాలుస్తుంది, అది ఎంత దూరం ఎగురుతుంది అన్నవి కలిపి నేల మీది పచ్చదనాన్ని అంచనా వేసే పద్ధతిని షిన్యా సుగిత 2007లో అందించాడు. అక్క పైపొర బురద తీసింది అందుకే. ఇప్పుడున్న చెట్లనూ ఇప్పుడు రాలిన పుప్పొడినీ పోల్చి చూస్తేనే పాత పొరలు సరిగ్గా అర్థమవుతాయి.

ఇది తెలిశాక మా చెరువుల పూడికతీత నాకు వేరుగా కనబడుతోంది. పూడిక తీయాలి, నీళ్లు నిలవాలి, ఆ మట్టి పొలాలకు చేరాలి. అయితే ఎన్నడూ పూర్తిగా ఎండని లోతైన చెరువుల్లో, యంత్రం దిగేముందు ఒక గొట్టం నిలువుగా దించి మట్టి తీసి దాచాలి. దానికి పట్టేది ఒక పూట. ఏ కాలంలో ఏ అడవి కొట్టేశారో, ఏ పంట వచ్చిందో చెప్పే ఆధారం అందులో ఉండవచ్చు. ఒకసారి ట్రాక్టర్లలో పొలాలకు చేరి కలిసిపోయాక ఆ పొరలను మళ్లీ పేర్చడం ఎవరి వల్లా కాదు.