నాన్న వ్యాన్, నా బీటెక్

మా నాన్న విజయవాడలో స్కూల్ వ్యాన్ నడుపుతారు. పాత బండి. పోయిన జులైలో ఓ సాయంత్రం నేనూ తోడు వెళ్లా. బెంజ్ సర్కిల్ దాటామో లేదో వాన దంచికొట్టడం మొదలుపెట్టింది. నాన్న వైపర్ ఆన్ చేశారు. అది సగం అద్దం దాకా వచ్చి ఆగిపోయింది.

ఆయన కంగారు పడలేదు. సీటు కింద నుంచి రెంచి తీసి, డాష్‌బోర్డ్ కింద చెయ్యి పెట్టి రెండు దెబ్బలు వేశారు. వైపర్ కదిలింది! వెనక పిల్లలంతా చప్పట్లు. రెండు నిమిషాలకు మళ్లీ ఆగింది. ఈసారి దెబ్బలకూ లొంగలేదు. ఎదురుగా వచ్చిన స్కూటీ మీదికొచ్చేదాకా కనిపించలేదు. నాన్న బ్రేక్ తొక్కారు. వెనక చప్పుడే లేదు.

బండి పక్కకు ఆపాం. "ఎన్నాళ్ల నుంచి ఇలా?" అడిగా.

"పోయిన వానాకాలం నుంచి."

"మరి చేయించలేదేం?"

మాట్లాడలేదు. పోయిన వానాకాలంలో ఆయన కట్టింది నా ఫైనల్ ఇయర్ ఫీజు.

మర్నాడు బండి తియ్యనివ్వలేదు. మోటార్ నేనే విప్పుతానన్నా. మెకానికల్ చదివానన్న మాటే గానీ, మోటార్ బొమ్మ గీయడమే తప్ప చేత్తో పట్టుకున్నది లేదు. ముందు ఫ్యూజ్ చూశా, బాగానే ఉంది. మోటార్ బయటికి తీసి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చా. ఉలకదు, పలకదు. మెల్లగా తడితే తిరిగింది. అంటే వైరింగ్ తప్పు కాదు, రోగం లోపలే ఉంది.

విప్పితే తెలిసింది. లోపల మూడు కార్బన్ బ్రష్‌లుంటాయి. అందులో ఒకటి స్పీడు పెంచడానికి. కరెంటు వీటి మీదుగానే తిరిగే భాగానికి అందుతుంది. మావి అరిగి ముక్కలయ్యాయి. సరిగ్గా ఆనడం లేదు. దెబ్బ వేస్తే కదిలి కాసేపు ఆనేవి. అదీ నాన్న రెంచి వైద్యం రహస్యం! గేర్ దగ్గర గ్రీజు ఎండిపోయి మైనంలా గట్టిపడింది.

ఆటోనగర్ వెళ్లి బ్రష్‌లు తెచ్చి సోల్డరింగ్ చేశా. నల్లబడ్డ కమ్యుటేటర్‌ని సన్న ఉప్పు కాగితంతో రుద్దా. పాత గ్రీజు గీకేసి కొత్తది పెట్టా. అంతా బిగించి గర్వంగా స్విచ్ నొక్కితే, వైపర్ అద్దం దాటెళ్లి పక్క ఫ్రేమ్‌ని ఠప్పున కొట్టింది.

నాన్న నవ్వాపుకుంటూ, "ఒరేయ్ ఇంజినీరూ, ముందు ఉత్త మోటార్‌ని తిప్పి ఆపాలి. అది తన చోట తాను ఆగాక చేతులు బిగించాలి" అన్నారు. స్విచ్ ఆపినా మోటార్ మొదటి చోటుకు వెళ్లే ఆగుతుంది. దాన్నే పార్కింగ్ అంటారు. నేను పుస్తకంలో చదివి మర్చిపోయింది, ఆయన చదవకుండానే గుర్తుపెట్టుకున్నారు.

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే వాన రాకముందే ఓసారి వైపర్ వేసి చూడండి. నెమ్మదిగా తిరుగుతున్నా, అద్దం మధ్యలో ఆగుతున్నా, తడితేనే కదులుతున్నా ఆలస్యం చేయొద్దు.

రెండు రోజుల తర్వాత మళ్లీ పెద్ద వాన. నాన్న ఫోన్ చేయలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, సీటు కింద రెంచి తీసి టూల్ బాక్సులో పడేశారు.