ఒక ల్యాప్‌టాప్, రెండు సిస్టమ్‌లు, నా తొందర

వడ్డాదిలో మాది ఎరువుల కొట్టు. కొట్టు లెక్కలు, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ప్రాజెక్టులు, ఇంటి ఫొటోలు అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉండేవి. 2016లో కొన్నది. ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది.

విండోస్ 10కి సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే మా ల్యాప్‌టాప్ సరిపోదని తెర మీద వచ్చింది. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరయితే దాదాపు 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. మాది 6వ తరం. చోడవరంలో తెలిసినాయన్ని అడిగితే కొత్తది కొనుక్కోమన్నారు. అప్పుడే టర్మ్ ఫీజు కట్టి ఉన్నాం.

"లైనక్స్ వేద్దాం నాన్నా. నీ టాలీ కోసం విండోస్ కూడా ఉంచుదాం" అంది మా అమ్మాయి. దీన్ని డ్యూయల్ బూట్ అంటారు. డిస్క్‌ను భాగాలు చేసి ఒక్కో దాంట్లో ఒక్కో సిస్టమ్ పెడతారు. ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్‌ను ఉచితంగా వాడుకోవచ్చు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి దాని మీదే నేర్చుకుంటున్నారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనబడే లైనక్స్‌నే తయారుచేసింది.

ఒక ఆదివారం మొదలుపెట్టాం. "ముందు అన్నీ కాపీ తీసుకుందాం" అంది తను. "నాకు తెలుసులేమ్మా" అన్నాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండు దారులు చూపించింది. ఒకటి విండోస్ పక్కన పెట్టడం, రెండోది డిస్క్ మొత్తం చెరిపేయడం. సరిగా చదవకుండా రెండోది నొక్కేశాను.

కొట్టు లెక్కల కాపీ ఆడిటర్ గారి దగ్గర ఉంది. మా అమ్మ చివరి సంక్రాంతి ఫొటోలకు మాత్రం కాపీ లేదు. పాత డేటా మీద కొత్త సిస్టమ్ రాసేశాక తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

నేను చేసిన రెండో తప్పు ఇంకా పెద్దది. "అంతా నీ లైనక్స్ వల్లే" అని దాని మీద విసుక్కున్నాను. ఎదురు మాట్లాడలేదు. అన్నం తినకుండా పడుకుంది. పొద్దున్న స్కూల్ బస్సు దగ్గర "తప్పు నాదేనమ్మా, నువ్వు ముందే చెప్పావు" అన్నాను. తలూపి ఎక్కేసింది. సాయంత్రం వచ్చాక ఒక కాగితం నా ముందు పెట్టింది. ఏది ముందు, ఏది తర్వాత అని వరసగా రాసి ఉంది.

ఈసారి తను చెప్పింది, నేను చేశాను. మొదట విండోస్, తర్వాత లైనక్స్. వరస తిరగేస్తే విండోస్ మొదలయ్యే చోటును తనే ఆక్రమించి, లైనక్స్‌ను కనబడకుండా చేయవచ్చు. ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్ నడిపి చూశాం. అలా చూసినంతవరకు డిస్క్ జోలికి పోదు. సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్ పనిచేశాయి. వైఫై రాలేదు. ఆ చిప్‌కు కావలసిన డ్రైవర్ అందులో లేదు. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి దాని నెట్ వాడుకున్నాం. ఇన్‌స్టాల్ అయ్యాక అలాగే డ్రైవర్ దించుకుంటే వైఫై వచ్చింది.

లైనక్స్ వాడి విండోస్‌లోకి వస్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి ఉండేది. లోపల గడియారంలో ఉన్న టైమును లైనక్స్ గ్రీనిచ్ టైముగా, విండోస్ మన టైముగా తీసుకుంటాయట. లైనక్స్‌లో ఒక్క సెట్టింగు మారిస్తే సర్దుకుంది. అది కూడా తనే కనిపెట్టింది.

ఇప్పుడు విండోస్‌లో నెట్ ఆపేసి టాలీ ఒక్కటే వాడుతున్నాను. తన చదువు, నెట్ పని అంతా లైనక్స్‌లోనే. కొత్త ల్యాప్‌టాప్ కొనలేదు. చుట్టాల ఫోన్లలో వెతికితే అమ్మవి పదకొండు ఫొటోలు దొరికాయి. మిగతావి లేవు.

మీ ఇంట్లో కూడా పాత కంప్యూటర్ ఉంటే పారేసే ముందు పెన్‌డ్రైవ్‌తో ఒకసారి లైనక్స్ నడిపి చూడండి. విండోస్ డిస్క్‌కు బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి. అన్నిటికంటే ముందు ఫొటోలు ఇంకో చోట కాపీ చేయండి. పక్కన కూర్చున్న పిల్ల "ఒక్క నిమిషం ఆగు నాన్నా" అంటే ఆగండి. నేను ఆగలేదు.

— ఒక తండ్రి, వడ్డాది