90 రూపాయల కోసం 360

మొన్న అండమాన్ వెళ్ళాం. నేను, మా ఆవిడ, మా బావమరిది, వాళ్ళావిడ. హేవ్‌లాక్‌లో (2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, పడవవాళ్ళు మాత్రం ఇంకా హేవ్‌లాకే అంటున్నారు) స్కూబా డైవింగ్. మనిషికి 4,500. నలుగురికి 18,000.

నేను స్టైల్‌గా క్రెడిట్ కార్డు తీశాను. "కార్డైతే 2% ఎక్స్‌ట్రా సార్" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. అంటే 360. నా కార్డు పాయింట్లు లెక్కేస్తే తిరిగొచ్చేది 90! బోర్డు మీద ఈ ముక్క రాయొచ్చు కదా అని వాదనేసుకున్నా.

అతని బాధా నిజమే లెండి. గీకిన ప్రతిసారీ బ్యాంకు వ్యాపారి దగ్గర కమీషన్ కోసుకుంటుంది. డెబిట్ కార్డుకైతే 0.9% మించకూడదని రిజర్వ్ బ్యాంకు హద్దు పెట్టింది, క్రెడిట్ కార్డుకి అలాంటి హద్దేమీ లేదు. మనకొచ్చే పాయింట్లూ చాలావరకు ఆ కమీషన్లోంచే. అంటే ఇన్నేళ్ళూ మా వీధి మందుల షాపాయన డబ్బుతో నేను ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లో ఇడ్లీ తింటున్నానన్నమాట! ఆయన ఎప్పుడూ ఎక్స్‌ట్రా అడగలేదు పాపం.

యూపీఐకి ఈ గొడవ లేదు కానీ, అక్కడ సిగ్నల్ లేదు. చక్రం తిరుగుతూనే ఉంది. అవతల పడవ రెడీ, ఇవతల మా ఆవిడ చూపులు. 360 కట్టేశాను. బిల్లు మీద 'కన్వీనియెన్స్ ఫీ' అని ఉంది. ఎవరి కన్వీనియెన్సో మరి.

రాత్రి భోజనాల దగ్గర మా బావమరిది తీరిగ్గా అన్నాడు, "నా బ్యాగులో 20 వేలు క్యాష్ ఉంది బావా, నువ్వడగలేదుగా!"