నాన్న మాయమయ్యాడు!

రాయదుర్గంలో తెలుగు టీచర్నంటే జనం కాస్త జాలిగా చూస్తారు. చుట్టూ గాజు మేడలు, గుట్టల్ని పేల్చి లేపిన టవర్లు, మెట్రో ఆఖరి స్టేషన్. వీటి మధ్య గుణింతాలు దిద్దించే మనిషెందుకని! 2018లో చట్టం వచ్చి తెలంగాణ బడులన్నిటా తెలుగు తప్పనిసరి అయింది కాబట్టి పిల్లలు నా క్లాసులో కూర్చుంటారు. కూర్చోవడం వేరు, వినడం వేరు.

మాది మోస్తరు ఫీజుల స్కూలు. ఇంజినీర్ల పిల్లలూ, గార్డుల పిల్లలూ ఒకే బెంచీ మీద ఉంటారు. శ్రీకాకుళం, పాలమూరు, కరీంనగర్, గుంటూరు... అన్నీ మా ఏడో తరగతిలోనే.

పదమేఘం అని ఒకటుంది. ఏ మాట ఎక్కువసార్లు వస్తే దాన్ని అంత పెద్దగా చూపించే బొమ్మ. 2008లో ఐబీఎం ఉద్యోగి జొనాథన్ ఫైన్‌బర్గ్ 'వర్డిల్' పేరుతో ఇలాంటిది తయారుచేస్తే టీచర్లు ఎగబడి వాడారు. (ఇప్పుడా పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది 2021లో వచ్చిన ఐదక్షరాల ఆట లెండి.) అక్షరాలతో బొమ్మ కట్టడం మనకేం కొత్త? నాగబంధాలూ, పద్మబంధాలూ అల్లిన కవులు మనకెప్పుడో ఉన్నారు.

'మా ఇల్లు' గురించి పిల్లలు రాసిందంతా టైపు చేసి ఓ ఉచిత ప్రోగ్రామ్‌కి ఇచ్చాం. తెర మీద అన్నిటికంటే పెద్దగా 'అమ'. అమ్మకి వత్తు ఊడిపోయింది. నాన్నయితే అసలు లేడు!

"ఆఫీసుకెళ్లుంటాడు టీచర్" అందో గడుగ్గాయి.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే ఓ తండ్రి కారణం చెప్పారు. మనకు వత్తుగా కనిపించేది కంప్యూటర్ లోపల ఒక పొల్లు, దాని వెనక మరో అక్షరం. ఆ ప్రోగ్రామ్ పొల్లునీ, గుణింతం గుర్తుల్నీ అక్షరాల కింద జమకట్టదట. అవి రాగానే మాటను తెంపేస్తుంది, ఒంటిగా మిగిలిన అక్షరాన్ని పారేస్తుంది. అ, మ పక్కపక్కనున్నాయి కాబట్టి బతికాయి. 'నాన్న'లో మూడు 'న'లూ దేనికది ఒంటరే. ఆయన ప్రోగ్రామ్‌లో ఒక్క వరస మార్చి పంపారు. నాన్న తిరిగొచ్చాడు. పొల్లు ఎందుకని మళ్లీ ఎవరూ అడగలేదు.

వచ్చాడు గానీ చిన్నగా వచ్చాడు. చూస్తే నాన్న, నాన్నకి, నాన్నతో, నాన్నని... అన్నీ విడివిడిగా ఉన్నాయి. కంప్యూటర్ లెక్కలో వాళ్లు నలుగురు! డుమువులు బట్టీపట్టమంటే ఆవులించిన పిల్లలే పెన్సిళ్లు పట్టుకుని ఆ తోకలన్నీ కత్తిరించారు. విభక్తుల పాఠం ఇంత అల్లరిగా ఎన్నడూ జరగలేదు.

అప్పుడొచ్చింది అసలు పేచీ. ఓ మూల 'నాయిన', మరో మూల 'బాపు', 'అయ్య', రెండు 'డాడీ'లు. "అందరూ ఒకటే కదా, నాన్నలో కలిపేద్దాం" అని క్లాస్ లీడర్ తీర్మానించింది. వెనక బెంచీ నుంచి ఓ గొంతు లేచింది. నవ్వుతారని భయపడి ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు. పరీక్షలో కూడా రెండు వాక్యాలకు మించి రాయడు.

"కలపొద్దు టీచర్. మా బాపు బాపే."

ఎవరూ నవ్వలేదు. నేనూ తీర్పు చెప్పలేదు. వాళ్లే చేతులెత్తి ఓట్లు వేసుకున్నారు. కలపకూడదన్న పక్షం మూడు ఓట్లతో గెలిచింది. కాకపోతే ఆ మాట రాసింది వాడొక్కడే కాబట్టి బొమ్మలో 'బాపు' చీమంతే ఉన్నాడు. వాడు దాన్ని చాలాసేపు చూశాడు.

మర్నాడు ఇంకో కాగితం తెచ్చిచ్చాడు. ఈసారి రెండు పేజీలు. ప్రతి వాక్యంలోనూ బాపు ఉన్నాడు.