మోకాళ్ల మీద లాగే గుర్రం

సఫోక్ పంచ్ గుర్రంలో ముందుగా నన్ను ఆపేసింది దాని ఒళ్లు కాదు, కాళ్లు. టన్నుకు అటూ ఇటూగా తూగే మనిషెత్తు జంతువు. మెడ దుక్క, ఛాతీ వెడల్పు, ఒళ్లంతా ఎరుపు. కింద చూస్తే పొట్టిగా, నున్నగా, బోసికాళ్లు. ఇంగ్లండులో బరువులు లాగే గుర్రమంటే షైర్ జాతినే చూపిస్తారు. దాని గిట్టల మీద పొడుగాటి వెంట్రుకలు కుచ్చుళ్లుగా వేలాడుతుంటాయి. ఊరేగింపుకు బాగుంటుంది. సఫోక్ సీమ రైతుది బంకమట్టి నేల. పొద్దంతా దున్ని వచ్చాక ఆ కుచ్చుళ్లకు పట్టిన మట్టిని ఎవడు కడుగుతాడు? కడక్కపోతే కాళ్లు పుండ్లు పడతాయి. అందుకని తరతరాలుగా వెంట్రుకల్లేని కాళ్లనే ఏరి దాటించుకుంటూ వచ్చారు.

లండన్‌లో అందరూ చూసేవన్నీ చూశాం, వాటి సంగతి ఎందుకులెండి. ఇప్స్‌విచ్‌లో ఉంటున్న మా అమ్మాయి కారులో ఈ గుర్రాలను చూడటానికి వుడ్‌బ్రిడ్జ్ మీదుగా బయల్దేరాం. డెబెన్ నది దాటగానే సటన్ హూ. 1939లో అక్కడి దిబ్బలో ఏడో శతాబ్దపు ఓడ సమాధి బయటపడింది. అందరూ ఆ ఇనప శిరస్త్రాణం బొమ్మ ముందు ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం 1991లో తవ్విన ఇంకో దిబ్బ సంగతి పట్టుకుంది. అందులో ఓ కుర్రవాడు, పక్క గోతిలో అతని గుర్రం. ఈ సీమవాళ్లకు గుర్రం పిచ్చి ఈనాటిది కాదన్నమాట.

అక్కణ్నుంచి సముద్రం వైపు పోయేకొద్దీ బంకమట్టి మాయమై ఇసుక నేలలు, పైన్ చెట్లు, తుప్పలు. బంకమట్టి కోసం తయారైన గుర్రం ఇప్పుడు మాకు కనిపించింది ఈ ఇసుకలో, హాలెస్లీ ఊళ్లో, జైలు పక్కన! ఆ జైలు కథ కూడా చిత్రమైనదే. 1887లో అది వలస దేశాలకు వెళ్లి సేద్యం చేయబోయే దొరల పిల్లలకు శిక్షణ ఇచ్చే కళాశాల. తర్వాత లండన్ నిరుద్యోగులకు పని చూపించే శిబిరం. 1938 నుంచి నేరం చేసిన కుర్రాళ్లను ఉంచే బోర్‌స్టల్ జైలు. ఐరిష్ రచయిత బ్రెండన్ బెహన్ ఇక్కడే శిక్ష అనుభవించాడు. ఎవరు వచ్చినా ఎవరు పోయినా కొట్టంలో గుర్రాలు మాత్రం ఉన్నాయి. ఖైదీలే మాలీషు చేశారు, మేత వేశారు. జైళ్లశాఖ వదిలించుకోవాలనుకున్నప్పుడు విరాళాలు పోగేసి ఓ ట్రస్టు 2006లో ఆ గుర్రాలశాలను కొనుక్కుంది.

కొట్టంలో పనిచేసే అమ్మాయి పాతికేళ్లది. భుజం దాకా ఎండుగడ్డి పొట్టు. "ఈ జాతిలో ఇప్పుడు బతికున్న ప్రతి గుర్రమూ ఒక్క పోతుగుర్రం సంతానమే, తెలుసా?" అంది. 1768లో పుట్టింది, అఫర్డ్ ఊరి థామస్ క్రిస్ప్ గుర్రం. అఫర్డ్ మేము వచ్చిన దారికి కాస్త ఎగువనే. మిగతా పోతుల వంశాలన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయి, మగ వరసలో ఇదొక్కటే నిలిచింది. 1877లో సంఘం పెట్టుకుని, 1880లో హెర్మన్ బిడెల్ అచ్చువేయించిన వంశావళి గ్రంథంలో ఇదంతా ఉంది. పల్లెటూరి గుర్రాలకు అంత పద్దు రాసిన ఓపికకు దండం పెట్టాలి.

ఇక్కడి గుర్రపు కాపరుల గొడవ మాత్రం నన్ను వదల్లేదు. దగ్గర్లోని బ్లాక్స్‌హాల్ బడిలో పంతులమ్మగా వచ్చిన భార్య వెంట 1948లో జార్జ్ ఎవార్ట్ ఎవాన్స్ అనే వేల్స్ రచయిత ఆ ఊరికి చేరాడు. పొరుగు ముసలాళ్లను కూర్చోబెట్టుకుని మాట్లాడించి, 1960లో గుర్రాల మీద పుస్తకం వేశాడు. అందులో రాసిన పద్ధతి వినండి. తెల్లారకముందే మేత. ఆరున్నరకు పొలం. పెద్ద కాపరి ముందు, అతని వెనక రెండోవాడు, ఆ వరస తప్పితే పరువు పోయినట్టే. మధ్యాహ్నం రెండున్నర దాకా ఒకటే సాలు వెంట సాలు. మేత కోసం ఆపేది లేదు, సఫోక్ గుర్రానికి ఆ ఓర్పు ఉంది.

ఇక కాపరుల మంత్రాలు. కప్పను చంపి, చీమల పుట్ట మీద పెట్టి ఎముకలు తేలనిచ్చి, అర్ధరాత్రి ఏటిలో వదలాలట. ఏ ఎముక ఏటికి ఎదురు ఈదితే దాన్ని పట్టుకున్నవాడి మాట ఏ గుర్రమైనా వింటుందట. తీరా గుట్టు వాసనలో ఉంది. గుర్రానికి ముక్కు చాలా చురుకు. పడని వాసన దాని ముందు పూస్తే కొరడా దెబ్బలు పడ్డా కదలదు. ఇష్టమైన నూనెల వాసన జేబులో ఉంటే వెనకాలే వస్తుంది. ఆ నూనెల పాళ్లు తండ్రి కొడుక్కి తప్ప చెప్పేవాడు కాదు. జీతం తక్కువ కాపరికి యజమాని దగ్గర ఉన్న పట్టు అదొక్కటే కదా, ఎందుకు చెబుతాడు?

ఆ పట్టును ట్రాక్టర్ ఊడబీకింది. 1966లో జాతి మొత్తానికీ వంశావళి పుస్తకంలోకి ఎక్కిన పిల్లలు తొమ్మిది. ఇప్పటికీ ప్రమాదపు అంచునే ఉంది. అడవుల్లో దుంగలు లాగించడానికి కొందరు, బండికి కట్టడానికి కొందరు పెంచుతున్నారు. "పని లేకపోతే ఇవి పాడైపోతాయి సార్, లావెక్కి ఊరుకుంటాయి" అంది ఆ అమ్మాయి. చూడటానికి వచ్చినవాళ్లు ముద్దు చేస్తుంటే ఆమెకు ఒళ్లు మండుతోందని మొహం చూస్తేనే తెలుస్తోంది. నాకు అది నచ్చింది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడ గుర్రాలకు లాగుడు పోటీలు పెట్టేవారట. బరువు కదలకపోతే సఫోక్ గుర్రం ముందు మోకాళ్ల మీదికి వంగి మరీ లాగేదని పేరు. అది వినగానే ఊరుకోలేకపోయాను. మా ప్రకాశం జిల్లాలో ఒంగోలు ఎడ్లకు బండలాగుడు పందాలున్నాయని, సేద్యం ట్రాక్టర్లకు పోయినా పందాల కోసం లక్షలు పోసి ఎడ్లను మేపే రైతులున్నారని చెప్పాను. ఆమె చేతిలో పార పక్కన పెట్టేసింది. బండ ఎంత బరువు, ఎంతసేపు లాగాలి, గెలుపు ఎలా తేలుస్తారు, అన్నీ ప్రశ్నలే. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగుల దూరం లాగాయో కొలుస్తారన్నాను. వయసు విభాగాలు పళ్లను బట్టి, పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని చెబితే పగలబడి నవ్వి, పక్కనున్న ఆడగుర్రం పై పెదవి పైకెత్తి, "అయితే దీని వయసెంతో చెప్పండి చూద్దాం" అంది.