పడిశం పది రోగాల పెట్టు

మన మాటల్లో జలుబుకి మర్యాద లేదు. "ఏం లేదండీ, కాస్త పడిశం పట్టింది" అంటాం. మందు వేసుకుంటే వారం, లేకపోతే ఏడు రోజులు అని జోకు కూడా. ఇన్‌ఫ్లూయెంజా వచ్చినా దాన్నీ ఆ లెక్కలోనే వేసేస్తాం. పడిశం పది రోగాల పెట్టు అన్న సామెత మాత్రం బాగా అనుభవించినవాళ్ళే అని ఉంటారు. జొన్నాడలో మా అక్కావాళ్ళింట్లో ఏడాదిన్నరగా ఆ సామెతే చట్టం.

అక్క కొడుక్కి ఆరేళ్ళు. వాడికొచ్చింది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. మొదటి నెలల గట్టి కీమో అయిపోయి, ఇప్పుడు మెయింటెనెన్స్‌లో ఉన్నాడు. రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్. జుట్టు మళ్ళీ వచ్చింది. గౌతమి గట్టు మీద సైకిల్ తొక్కుతుంటే చూసినవాళ్ళు "తగ్గిపోయిందిగా!" అంటారు. తగ్గలేదు, వైద్యం నడుస్తోంది. ఆ మందులు తెల్లకణాల్ని అణిచిపెడతాయి. అప్పుడు ఫ్లూ వస్తే న్యుమోనియా దాకా పోవచ్చు. అంతవరకు పోకపోయినా జ్వరం వచ్చిందంటే ఆస్పత్రి, సెలైన్లు, కీమో వాయిదా. జొన్నాడ నుంచి 16వ నంబరు హైవే మీద దాదాపు 200 కిలోమీటర్లు పోతే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి. ఒళ్ళు కాలిపోతున్న పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆ దూరం పోవడం ఏమిటో అక్కకి తెలుసు.

తెలుగు సినిమా ఈ రోగాన్ని మనకి తప్పుగా పరిచయం చేసిందని నా ఫిర్యాదు. 'ప్రేమాభిషేకం' (1981) నాటినుంచీ మన తెరమీద క్యాన్సర్ అంటే త్యాగం, పాట, చావు. రెండు మూడేళ్ళపాటు మాత్రలు లెక్కపెట్టుకుంటూ, పక్కింటివాళ్ళ తుమ్ముకి ఉలిక్కిపడుతూ బతికే కథ ఎవరూ తియ్యలేదు. సంపన్న దేశాల్లో ఈ జబ్బున్న పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. బతికే కథకి తుమ్ములే విలన్లు.

డాక్టరు ఫ్లూ టీకా వేయిద్దామన్నప్పుడు బావ ఒప్పుకోలేదు. "పొడిచిన సూదులు చాలవేంట్రా? బలం లేని ఒంట్లోకి మనమే వైరస్సుని ఎక్కించడమేంటి?" అన్నాడు. న్యాయమైన భయమే. కానీ ఇంజక్షన్‌గా ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. ముక్కులో కొట్టే స్ప్రే టీకా వేరు. అందులో ఉండేది బలహీనపరిచినా బతికున్న వైరస్సే, కాబట్టి కీమోలో ఉన్న పిల్లలకి అది పనికిరాదు.

బావ రెండో ప్రశ్న ఇంకా గట్టిది: "పోనీ, పని చేస్తుందా?"

2013లో కాక్రేన్ సమీక్ష తేల్చింది ఇదీ: కీమోలో ఉన్న పిల్లల ఒళ్ళు ఈ టీకాకి స్పందిస్తుంది, కాకపోతే ఆరోగ్యంగా ఉన్న పిల్లలకంటే తక్కువగా. పెద్ద దుష్ప్రభావాలు లేవు. ఆ స్పందన ఫ్లూని ఎంతవరకు ఆపుతుందో చెప్పడానికి ఆధారాలు చాలవు. అందుకే డాక్టర్లు గట్టి కీమో నడిచేటప్పుడు కాకుండా, రక్తకణాల లెక్క కాస్త కోలుకున్నాక వేస్తారు. తొమ్మిదేళ్ళలోపు పిల్లలకి మొదటి ఏడాది నెల తేడాతో రెండు డోసులు.

ఇక్కడ నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పదహారుమంది లుకేమియా పిల్లలకి ఇస్తే, పదిమందికి కొన్నాళ్ళు తెరిపి దొరికింది. ఆ ఫలితాలు అచ్చయింది 1948 జూన్‌లో. ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందం నుంచి వచ్చిందే. రాజమండ్రికి పాతిక కిలోమీటర్ల దూరంలో మా వాడు వారంవారం మింగేది అదే. వాణ్ణి బతికిస్తున్న ఆ మందే టీకాని సరిగా పట్టనివ్వదు. దీన్ని తప్పుపట్టలేం, వదులుకోలేం.

మరి మిగిలిందేమిటి? చుట్టూ ఉన్నవాళ్ళు. ఆఫీసులో ప్యాచ్ వేయడానికి వీల్లేని పాత సర్వర్ ఉంటే దాని చుట్టూ ఉన్న ప్రతి మెషీన్‌కీ ప్యాచ్ వేస్తాం. ఇదే బావకి చెప్పాను. "నా కొడుకు నీకు సర్వర్‌లా కనిపిస్తున్నాడా?" అని నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడనుకుంటా.

అసలు గట్టివాదన అమ్మమ్మతో వస్తుందనుకున్నాం. ఆవిడ జబ్బ మీద రూపాయి బిళ్ళంత మశూచి టీకా మచ్చ ఉంది. అంతా విని, "మా చిన్నప్పుడు అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవోరు. అది చూసి ఎవరూ లోపలికి అడుగెట్టేవోరు కాదు. ఇప్పుడా వేపమండ మన జబ్బకి కట్టుకోవాలంటావు. అంతేనా?" అంది. అంతే అమ్మమ్మా. ఇంతకంటే బాగా నేనెక్కడా చదవలేదు. చాలా ఫ్లూ టీకాల తయారీకి కోడిగుడ్లు వాడతారని తెలిసి, శనివారం మాత్రం వద్దంది.

ప్రభుత్వం పిల్లలకి ఉచితంగా వేసే టీకాల్లో ఫ్లూ లేదు. బయట కొనాల్సిందే. ఇంటిల్లిపాదికీ అంటే చిన్న ఖర్చు కాదు. నాకు జీతం ఉంది కాబట్టి అయింది. వైద్యం కోసం కూలి పనులు మానుకుని తిరిగే తల్లిదండ్రులకి ఈ సలహా ఇవ్వడం తేలిక, పాటించడం కష్టం. పైగా వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి. మన దగ్గర వానల్లో ఓసారి, చలికాలం చివర ఓసారి ఫ్లూ పెరుగుతుంది. అందుకని వానలకి ముందే కానిచ్చాం.

జూన్‌లో బడి తెరిచారు. క్లాసులో మిగతా పిల్లల జబ్బలకి వేపమండలు కట్టడం మా చేతుల్లో లేదు. అక్క టీచర్‌ని ఒక్కటే అడిగింది: "ఎవరికైనా జ్వరమో దగ్గో ఉంటే ఆ రోజే ఫోన్ చెయ్యండి మేడం. మావాణ్ణి నేనొచ్చి తీసుకుపోతాను."